మొటిమలు – ఇంటి చిట్కాలు: ఏది మేలు, ఏది కీడు?

గత నెల గాజులరామారంలో ఒక సోదరి ఇంట జరిగిన మహిళల ఇజ్తిమాకు వెళ్ళాము. ఆనాటి పాఠం సూరె హుజురాత్ పదకొండవ ఆయత్. ఒకరినొకరు ఎగతాళి చేయరాదనీ, చెడ్డ పేర్లు పెట్టి పిలువరాదనీ అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించిన ఆయత్ అది. పాఠం ముగిసింది, చాయ్ తాగి సోదరీమణులంతా లేచారు. ఒక తల్లి మాత్రం గోడకు ఆనుకొని అలాగే కూర్చుండిపోయింది. దగ్గరకు వెళ్ళి పలకరించగానే ఆమె కళ్ళు నిండాయి.

“బాజీ, మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీకి తప్ప గడప దాటడం లేదు. ఈద్‌కు నానీ ఇంటికి రమ్మన్నా రానంది. ముఖం నిండా మొటిమలు. పోయిన పెళ్ళిలో వాళ్ళ ఫుప్పు అందరి ముందూ ‘ఈ ముఖానికి ఏం రాసుకున్నావే?’ అని నవ్వింది. అప్పటి నుంచీ ఇంతే. మాకు తెలిసిన చిట్కాలన్నీ చేశాము. అన్నీ వంటింట్లో దొరికే సహజమైన వస్తువులే. అయినా ముఖం ఇలా ఎందుకు కాలిపోయింది?” అని అడిగింది.

ఏమేమి రాశారో వివరంగా అడిగాము. మొదట నిమ్మరసంలో వంటసోడా కలిపి రాశారు. తరువాత పచ్చి వెల్లుల్లి రుద్దారు. ఆపై టూత్‌పేస్టు. చివరకు పక్కింటి ఖాలా ఒక క్రీము ఇచ్చింది. రెండు వారాల్లో ముఖం అద్దంలా మెరిసింది. అల్‌హందులిల్లాహ్ అనుకొని ఆపేశారు. నెల తిరగకముందే మొటిమలు రెట్టింపై తిరిగి వచ్చాయి. ముఖం ఎర్రబారి, ఎండకు వెళితే మంట.

ఆ తల్లి చేసినదంతా ప్రేమతో చేసినదే. ఇలాంటి తల్లులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. అందుకే ఈ నెల ఈ శీర్షికను ఆమె ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

మొటిమ ఎలా పుడుతుంది?

మన చర్మంలో వెంట్రుక మొదళ్ళను ఆనుకొని సన్నని తైలగ్రంథులు ఉంటాయి. అవి స్రవించే తైలం చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. పిల్లలు యౌవనంలో అడుగుపెట్టే వేళ శరీరంలో హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులు ఎక్కువగా పని చేస్తాయి. అదే సమయంలో రంధ్రం లోపలి మృతకణాలు ఊడి బయటకు పోకుండా తైలంతో కలిసి బిరడాలా అడ్డుపడతాయి. ఆ మూసుకుపోయిన రంధ్రంలో, చర్మం మీద సహజంగానే ఉండే ఒక రకం బాక్టీరియా వృద్ధి చెందుతుంది. వాపు, ఎరుపు, చీము అప్పుడే వస్తాయి.

ఇది తెలిస్తే మన ఇళ్ళలో తిరిగే రెండు అపోహలు తొలగిపోతాయి. మొదటిది, మొటిమలు మురికి వల్ల వస్తాయన్నది. ముక్కు మీద కనిపించే నల్లటి చుక్కలు దుమ్ము కావు. రంధ్రంలో చేరిన తైలమూ వర్ణకమూ గాలి తగిలి నల్లబడినవే. ఎంత రుద్దినా అవి పోవు, రుద్దేకొద్దీ చర్మం రేగుతుంది. రెండవది, పిల్ల ఏదో తప్పు చేసినందుకు వచ్చాయన్నది. కౌమారంలో అత్యధికులకు ఇవి వస్తాయి, మగపిల్లలకూ వస్తాయి. వంశంలో ఉంటే మరింత ఎక్కువగా వస్తాయి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

యునానీ వైద్యంలో మొటిమలను ‘బుసూర్ లబనియా’ అంటారు. లబన్ అంటే పాలు. పాల చుక్కల్లా తెల్లగా ముక్కు మీద, బుగ్గల మీద లేచే పొక్కులు కనుక ఆ పేరు వచ్చింది. వెయ్యేళ్ళ క్రితమే ఇబ్నె సీనా వంటి హకీములు వీటి చికిత్సను గ్రంథస్థం చేశారు. కనుక ఇది ఈ కాలపు పిల్లలకు కొత్తగా వచ్చిన జబ్బు కాదు.

‘సహజం’ అన్నంత మాత్రాన సరిపోదు

ప్రతి జబ్బుకూ అల్లాహ్ ఒక నివారణను కూడా అవతరింపజేశాడని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసు మనందరికీ తెలిసినదే. దీనితో పాటు మరో హదీసును కూడా గుర్తుంచుకోవాలి. వైద్యం తెలిసినవాడని పేరు లేకుండా వైద్యానికి పూనుకున్న వ్యక్తి, జరిగిన కీడుకు తానే బాధ్యుడని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తుంది. మొదటిది మనకు ఆశను ఇస్తే, రెండవది బాధ్యతను గుర్తుచేస్తుంది. ఇతరుల బిడ్డ ముఖానికి ఒక చిట్కా చెప్పే ముందు మనమందరం ఈ రెండవ హదీసును ఒకసారి తలచుకోవాలి.

నిమ్మకాయ సహజమైనదే. కానీ మన చర్మానికి ఉన్న స్వల్పమైన ఆమ్లగుణం కంటే నిమ్మరసపు ఆమ్లం ఎన్నో రెట్లు తీవ్రం. నిమ్మరసం రాసిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలు, మచ్చలు వచ్చే ప్రమాదం ఉంది. వంటసోడా దీనికి పూర్తి విరుద్ధం, అది క్షారం. అది చర్మపు రక్షణ పొరను దెబ్బ తీస్తుంది. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని నిప్పులా కాల్చగలదు. టూత్‌పేస్టు పళ్ళ కోసం చేసినది, ముఖం కోసం కాదు. కర్పూరం, పుదీనా పువ్వు కలిసిన ఘాటైన తైలాలను కూడా ముఖానికి రాయరాదు. ఆ అమ్మాయి ముఖం కాలడానికి కారణం మొటిమలు కావు, వాటికి చేసిన ఈ వైద్యమే.

ఏవి కొంత మేలు చేస్తాయి?

ఇంటి మూలికలన్నీ వ్యర్థమని మేము చెప్పడం లేదు. తేలికపాటి మొటిమలకు కొన్ని ఉపయోగపడతాయి. వాటి బలమూ, పరిమితీ రెండూ తెలుసుకొని వాడాలి.

కలబంద: కోసిన మట్టను కాసేపు నిలువుగా ఉంచి, కారే పసుపు రంగు జిగురును పూర్తిగా కడిగివేయాలి. ఆ జిగురే దురద పుట్టిస్తుంది. లోపలి పారదర్శకమైన గుజ్జును మాత్రమే రాసుకోవాలి. ఇరాన్‌లో జరిగిన ఒక పరిశోధనలో, వైద్యులు ఇచ్చే ట్రెటినాయిన్ మందుకు కలబందను జోడించినప్పుడు మందు ఒక్కటే వాడినప్పటి కంటే మంచి ఫలితం వచ్చింది. అంటే కలబంద మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు.

టీ ట్రీ నూనె: ఇది మన నేల చెట్టు కాదు, ఆస్ట్రేలియాది. ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతోంది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిపై జరిగిన పరిశోధనలో 5 శాతం టీ ట్రీ లేపనాన్ని, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ మందుతో పోల్చారు. రెండూ మొటిమలను తగ్గించాయి. నూనె ఆలస్యంగా పనిచేసింది కానీ మంట, పొడిబారడం తక్కువ. గమనించవలసినది ఆ 5 శాతమే. సీసాలోని చిక్కటి నూనెను నేరుగా రాస్తే చర్మం కాలుతుంది. 5 శాతం అని ముద్రించిన జెల్‌నే కొనాలి. ఇది విషం కనుక నోట్లోకి పోకుండా, చిన్నపిల్లలకు అందకుండా ఉంచాలి.

వేప: గాజులరామారం వంటి శివారు బస్తీల్లో ఇప్పటికీ వీధికొక వేపచెట్టు కనిపిస్తుంది. వేపాకుకు బాక్టీరియాను అణచే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. లేత ఆకులను మరిగించి, చల్లార్చి, వడగట్టిన నీటితో ముఖం కడుక్కోవచ్చు. రోడ్డు పక్క చెట్టు ఆకులపై దుమ్ము, పొగ పేరుకొని ఉంటాయి కనుక బాగా కడగాలి. వేప కషాయాన్ని గర్భిణులు తాగరాదు. వేపనూనెను పసిపిల్లల నోట్లో వేయడం ప్రాణాంతకం కావచ్చు.

పసుపు: వాపును తగ్గించే గుణం ఉన్నా, మొటిమలను మాన్పుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. చిటికెడు వాడితే చాలు. రంగు కలిపిన కల్తీ పసుపు చర్మాన్ని రేపుతుంది కనుక కొమ్ములు కొని పొడి చేసుకోవడం మేలు.

ముల్తానీ మట్టి: జిడ్డు చర్మం వారికి వారానికి ఒకసారి సరిపోతుంది. పూర్తిగా ఎండి పగుళ్ళు ఇచ్చేదాకా ఉంచకుండా, తడి ఆరుతుండగానే కడిగివేయాలి. పొడి చర్మం వారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

కలోంజి: నల్లజీలకర్రలో మేలు ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. దానితో తయారైన లేపనాలు మొటిమలపై కొంత పనిచేశాయని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. అయితే దాని చిక్కటి నూనెను ముఖానికి పూయడం వల్ల దద్దుర్లు వచ్చినవారూ ఉన్నారు. కనుక ముందుగా పరీక్షించుకోవాలి.

తేనె: తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని దివ్యఖుర్ఆన్ (16:69) తెలిపింది. దానిపై మన విశ్వాసం చెక్కుచెదరనిది. కానీ ప్రతి జబ్బుకూ, ప్రతి రీతిలో తేనె పూయమని ఆ ఆయత్ ఆదేశించలేదు. న్యూజిలాండ్‌లో కనూకా తేనె లేపనాన్ని 12 వారాల పాటు మొటిమలపై పరీక్షించగా, బాక్టీరియాను అణచే సబ్బు ఒక్కటే వాడినదానికి మించిన ప్రయోజనం కనిపించలేదు. ఈ ఫలితం వల్ల ఆయత్‌కు వచ్చిన లోటేమీ లేదు. తేనెను ఏ బాధకు, ఎలా వాడాలో వెదికి తెలుసుకునే పని అల్లాహ్ మన బుద్ధికి వదిలాడని మాత్రమే దీని అర్థం.

ఏది వాడినా ఒక నియమం తప్పదు. ముందుగా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 నుంచి 48 గంటలు చూడాలి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి రాయాలి. ఒకేసారి నాలుగు వస్తువులు కలిపి రాస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరికీ తెలియదు.

మన దినచర్యలో చూసుకోవలసినవి

వుజూ కోసం రోజుకు ఐదుసార్లు ముఖం కడుగుతాము. అది శుభ్రమైన నీటితో జరిగే తేలికైన కడుగుడు, దానివల్ల ఇబ్బంది లేదు. ప్రతిసారీ సబ్బు వాడితేనే చర్మం ఎండిపోతుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఘాటులేని ఫేస్‌వాష్ చాలు. వుజూ తరువాత గరుకు తువాలుతో రుద్దకుండా మెత్తగా అద్దుకోవాలి. ఇంటిల్లిపాదీ ఒకే తువాలు వాడకూడదు.

హిజాబ్ వల్లే మొటిమలు వస్తాయని కొందరు ఆడపిల్లలను వెక్కిరిస్తారు. అది సరి కాదు. బిగుతుగా, చెమటతో తడిసి, రోజుల తరబడి ఉతకని ఏ వస్త్రమైనా చర్మాన్ని రాపిడికి గురిచేస్తుంది. హెల్మెట్ పట్టీ కింద గడ్డంపై మొటిమలు లేచే యువకులు జీడిమెట్ల కర్మాగారాల దారిలో ఎందరో కనిపిస్తారు. పలుచని నూలు బట్టను ఎంచుకొని, నుదుటిని తాకే లోపలి టోపీని ప్రతిరోజూ ఉతికితే సరిపోతుంది.

తలకు నూనె దట్టంగా పట్టించి, రాత్రంతా ఉంచడం మన ఇళ్ళలో అలవాటు. ఆ నూనె నుదుటికి, దిండుకు చేరి రంధ్రాలను మూసివేస్తుంది. నుదుటి మీదే మొటిమలు ఎక్కువగా ఉన్న పిల్లలకు ముందు ఈ అలవాటు మార్చి చూడండి. తలస్నానానికి గంట ముందు నూనె పెట్టి, కడిగివేస్తే మంచిది. దిండు గలీబును వారానికి రెండుసార్లు మార్చాలి. అత్తరును బుగ్గలకు కాక బట్టలకు రాసుకోవాలి.

పెళ్ళికి ముందు మాంఝే వేడుకలో వధువుకు ఉబ్టన్ పెట్టడం హైదరాబాదీ ఇళ్ళ సంప్రదాయం. అందరూ తలొక చేయీ వేసి నలుగు రుద్దుతారు. మొటిమలున్న అమ్మాయి ముఖాన్ని అలా రుద్దితే చీము పొక్కులు పగిలి మచ్చలు పడతాయి. చేతులకు, పాదాలకు పెట్టి ముఖాన్ని వదిలివేయండి. వేడుకకు ఏ లోటూ రాదు.

ఆహారం విషయంలో అతిశయోక్తులు వద్దు. ఒక ముక్క మాంసం తింటే మొటిమ లేస్తుందన్నది నిజం కాదు. అయితే రక్తంలో చక్కెరను వేగంగా పెంచే తిండికీ మొటిమలకూ సంబంధం ఉంది. 2007లో ఆస్ట్రేలియాలో 15 నుంచి 25 ఏళ్ళ యువకులు 43 మందిపై జరిగిన పరిశోధనలో, అలాంటి తిండి తగ్గించిన వారికి 12 వారాల్లో మొటిమలు మరింత తగ్గాయి. రోజుకు నాలుగు కప్పుల తియ్యటి చాయ్, దానితో బేకరీ బిస్కెట్లు, కూల్‌డ్రింకులు తగ్గించి చూడండి. తెల్లన్నం కొంత తగ్గించి జొన్నరొట్టె, పప్పు, కూరగాయలు పెంచండి. రమజాన్‌లో ఇఫ్తార్ వేళ నూనె వంటకాలు, షర్బత్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఆ మాయ క్రీము సంగతి

రెండు వారాల్లో ముఖాన్ని మెరిపించిన ఆ క్రీము డబ్బాను ఆ తల్లి మాకు చూపింది. దానిలో స్టెరాయిడ్ ఉంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ – డబ్బా మీద ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్ అని గ్రహించాలి. ఇవి కొన్ని చర్మవ్యాధులకు విలువైన మందులే, వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. మొటిమలకు, తెల్లబడటానికి వాడితే మొదట వాపు అణగి ముఖం నునుపుగా కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడి, ఎర్రని నరాలు తేలి, వెంట్రుకలు మొలిచి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. ఆపగానే మంట లేస్తుంది, దానికి భయపడి మళ్ళీ రాస్తారు. ఆ చక్రం నుంచి బయటపడటం కష్టం.

మన దేశంలో ఈ దుర్వినియోగం ఎంతగా పెరిగిందంటే, చర్మవైద్యుల సంఘం పోరాటం తరువాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. కనుక పక్కింటివారు ఇచ్చినా, మెడికల్ షాపులో అడిగిన వెంటనే ఇచ్చినా, డబ్బా మీది పేరు చదవకుండా బిడ్డ ముఖానికి రాయకండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు చర్మవైద్యుని పర్యవేక్షణలోనే దాన్ని మానాలి.

ఎప్పుడు, ఎవరి వద్దకు వెళ్ళాలి?

లోతుగా, నొప్పితో గడ్డల్లా లేచే మొటిమలు, గుంటలు పడుతున్న మచ్చలు, నెలసరి క్రమం తప్పి గడ్డంపై వెంట్రుకలు రావడం, పిల్ల దిగులుతో ఒంటరిగా ఉండిపోవడం – వీటిలో ఏది ఉన్నా చిట్కాలతో కాలం వృథా చేయరాదు. చికిత్స ఆలస్యమైతే మచ్చలు జీవితాంతం మిగులుతాయి.

బస్తీ దవాఖానాలో మొదటి సలహా ఉచితంగా దొరుకుతుంది. గాంధీ, ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. యునానీ వైద్యాన్ని కోరుకునేవారికి మన నగరంలోనే గొప్ప అవకాశం ఉంది. గాజులరామారం నుంచి బాలానగర్, మూసాపేట మీదుగా వెళితే ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ జాతీయ యునానీ చర్మవ్యాధుల పరిశోధనా సంస్థ ఉంది. బరస్, అంటే బొల్లి మచ్చల చికిత్సకు పేరు పొందిన సంస్థ అది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. రక్తశుద్ధి మందుల పేరుతో పట్టాలేని వారి వద్ద పొట్లాలు కొనేకన్నా, బి.యు.ఎం.ఎస్. చదివిన హకీమ్‌ను సంప్రదించడం క్షేమం.

వైద్యులు సాధారణంగా ఇచ్చే మందుల్లో బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ ముఖ్యమైనవి. మొదటిది బట్టల రంగును తినివేస్తుంది. కనుక రాత్రి రాసుకొని, ఆరాక పడుకోవాలి, ఉదయం కడిగిన తరువాతే రంగు దుపట్టా వేసుకోవాలి. రెండవది గర్భిణులు వాడరాదు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తాయి కనుక వివాహిత స్త్రీలు ఆ సంగతి వైద్యునితో దాచకుండా మాట్లాడాలి.

ఏ చికిత్సకైనా 8 నుంచి 12 వారాలు పడుతుంది. మన చామనఛాయ చర్మం మీద మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల పాటు నిలుస్తుంది, ఆపై నెమ్మదిగా వెలిసిపోతుంది. గిల్లకుండా ఉండటం, ఎండ తగలకుండా చూసుకోవడం ఆ మచ్చకు మంచి మందు. వారానికొక చిట్కా మార్చేవారికి ఏదీ పనిచేయదు. సబ్ర్ అన్నది నమాజు చాప మీద మాత్రమే కాదు, అద్దం ముందు కూడా కావాలి.

మొదటి మందు

“మరి ఈ రోజు ఇంటికి వెళ్ళి ముందు ఏం రాయమంటారు?” అని ఆ తల్లి అడిగింది. ఈ రోజు ఏమీ రాయవద్దని చెప్పాము. కాలిన చర్మానికి విశ్రాంతి ఇవ్వండి, మంచినీటితో కడగండి, రేపే చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి, ఆ క్రీము డబ్బాను వెంట తీసుకువెళ్ళి చూపండి అన్నాము.

ఇంకొక మాట కూడా చెప్పాము. అమ్మాయి గదిలోకి వెళ్ళి మొటిమల ప్రసక్తి లేకుండా ఆమెతో కూర్చోండి. చదువు గురించి, స్నేహితురాళ్ళ గురించి అడగండి. అల్లాహ్ మన రూపాలను కాదు, హృదయాలనూ ఆచరణలనూ చూస్తాడన్న హదీసును ఆమెకు ఉపదేశంగా వల్లించకండి, మీ చూపులో అది ఆమెకు కనిపించాలి. ఆమె ముఖాన్ని చూడగానే మీ కళ్ళు మొటిమల మీద కాక ఆమె కళ్ళ మీద నిలవాలి. ఆ ఫుప్పుతో కూడా, కోపంతో కాదు, ఏకాంతంలో సౌమ్యంగా ఒక మాట చెప్పండి. ఇంట్లో ఒక్కరు నవ్వినా ఆ బిడ్డకు మేము చెప్పిన ఏ మందూ పట్టదు.

ఆమె దుపట్టాతో కళ్ళు తుడుచుకొని, “ఈ రోజు చదివిన ఆయత్ మా ఇంటి గురించే అనిపించింది బాజీ” అన్నది.

ఆ మాట మేమూ ఇంటికి తీసుకువచ్చాము. బంధువుల ఇంట, పెళ్ళి పందిట్లో, కాలేజీ గేటు వద్ద మనం నవ్వుతూ అనే ఒక్క మాట ఒక ఆడపిల్లను, ఒక మగపిల్లవాడిని నెలల తరబడి గదిలో బంధించగలదు. మొటిమ కొన్ని నెలలకు పోతుంది, ఆ మాట మాత్రం అంత తేలిగ్గా పోదు. మన బిడ్డల చర్మానికీ మనసుకూ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మన నాలుకలను ఇతరులను గాయపరచకుండా కాపాడుగాక! ఆమీన్.